వీధంతా అరువు తెచ్చుకున్న పడవ

“ఇవాళ ఈ ఇంట్లో ఏదో ఒకటి జరిగి తీరుతుంది. రాసిపెట్టుకోండి.”

కంగారమ్మ పొయ్యి దగ్గర నిలబడి, కాగుతున్న పాలగిన్నెతో చెప్పుకున్నట్టుగా అంది. వంటగదిలో మరో మనిషి లేడు. అయినా వెనక కొట్టంలోంచి జవాబు వచ్చింది.

“రోజూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. నిన్న పిల్లి పాలు తాగింది. మొన్న నీ చెప్పు తెగింది.”

అది ఆమె భర్త గొంతు. పడవల మేస్త్రీ ఆయన. కొట్టంలో ఒక పడవని బోర్లించి, పలకల సందుల్లోకి పేనిన దూది కూరి, కొయ్యసుత్తితో కొడుతున్నాడు. భార్యకి కంగారమ్మ అని పేరు పెట్టింది ఆయనే. పెళ్లయిన కొత్తలో ముద్దుగా పెట్టాడు. ఆ పేరు గోడ దూకి పక్కింటికి, పక్కింటి నుంచి వీధి చివరికి పాకిపోయింది. ఇప్పుడు ఆమె అసలు పేరు ఆస్పత్రి చీటీ మీద తప్ప ఎక్కడా కనపడదు.

“మీకు హాస్యంగానే ఉంటుంది. గోడ మీద గీత కూడా హాస్యమేనా?”

సుత్తి ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. అదే ఆయన జవాబు.

నిన్న సాయంత్రం దొరల పాత బంగళాకి వేసిన కమిటీ మనుషులు టేపు పట్టుకుని వచ్చి, పడవల వీధిలో ఏటివైపు వరుసలో ఏ గోడనీ వదలకుండా ఎర్రగా అడ్డగీతలు కొట్టి వెళ్లారు. బంగళా చూడటానికి వచ్చే బస్సులు గేటు దాకా రావాలట. అందుకు దారి వెడల్పు కావాలట. ఏటివైపు వరుస తీసేసి, వాళ్లకి వంతెన అవతల మెరక మీద గదులు కట్టిస్తారట. అక్కడ కుళాయి ఉంటుంది, దీపాలుంటాయి, గాలి కూడా బాగానే వస్తుంది. ఏరు మాత్రం ఉండదు.

ఏరు లేని చోట పడవల మేస్త్రీ ఏం చేస్తాడు? బకెట్లకి తారు పూస్తాడా?

అయితే ఒక్క ఇల్లు మాత్రం ఉంచుతారు. వెనకటి వరదలో బంగళా సామాను కాపాడిన పడవవాడి ఇల్లు. దానికి రంగులు వేసి, బోర్డు పెట్టి, వచ్చినవాళ్లకి చూపిస్తారు. అందులో ఉన్నవాళ్లు ఉన్నట్టే ఉండవచ్చు. ఆ ఒక్క ఇల్లు ఎవరిదన్నదే నిన్నటి నుంచి వీధికి పట్టుకున్న దయ్యం.

కంగారమ్మ తెల్లవారగానే లేచి తన గోడ మీది గీతని సబ్బునీళ్లతో రుద్దింది. గీత పోలేదు సరికదా, కరిగి గోడంతా కారింది. ఇరుగుపొరుగు గోడల మీద బెత్తెడు గీత ఉంటే, ఈ గోడ మాత్రం దెబ్బలు తిన్న వీపులా ఎర్రగా వాచిపోయి, వీధిలో ముందుగా కూలేది నేనేనన్నట్టు నిలబడింది. చేసిన పనికి తనని తాను తిట్టుకోవడానికి కూడా ఆమెకి ఓపిక మిగల్లేదు.

కూతురు జుట్టు ముడి వేసుకుంటూ గదిలోంచి వచ్చింది. రాత్రి భోజనం చేయలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. కమిటీలో వీధి చరిత్ర రాసే ఉద్యోగం ఆమెది. ఆ ఉద్యోగం వచ్చిన రోజు కంగారమ్మ వీధంతా తిరిగి చెప్పుకుంది. ఇప్పుడు అదే కాళ్లకి చుట్టుకుంది.

“అమ్మా, మధ్యాహ్నం కార్యదర్శి గారు మనింటికి వస్తున్నారు. నాయనమ్మని అడగడానికి.”

“ఏం అడగడానికి?”

“వరదప్పుడు ఏం జరిగిందో. అది కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది నాయనమ్మ ఒక్కతే కదా.”

“ఆవిడ బతికుందని వాళ్లకెందుకు చెప్పావే?”

“బతికుండటం కూడా రహస్యమేనా అమ్మా? రోజంతా వాకిట్లోనే కూర్చుంటుంది.”

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. కంగారమ్మ గుడ్డ కోసం వెతికి, దొరక్క, అరచేత్తోనే గిన్నె దించి, చెయ్యి కాలి, ఆ మంట కూడా కూతురి మీదే పెట్టింది.

“ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. పడవవాడు మా ముత్తాత అని. పెన్ను నీ చేతిలో ఉంది. పరాయివాళ్ల చేతిలో ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. కన్నకూతురి కాళ్లు ఎలా పట్టుకోను?”

“ఎలా రాయమంటావు? ప్రతి ఇంట్లోనూ అదే కథ చెప్పారు. అదే పడవ, అదే పటం, అదే గడియారం. మూలింటి తాతయ్య అయితే చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు. వీళ్ల ముత్తాతలందరూ నిజంగా ఒకేసారి ఎక్కి ఉంటే ఆ పడవ అక్కడే మునిగిపోయేది.”

“వాళ్లు అబద్ధం చెప్పారు. మనం నిజం చెప్పాం.”

“నువ్వు మెరుపులు కలిపావు. నాన్న చెప్పినప్పుడు మెరుపులు లేవు.”

“వరదంటే మెరుపులుండవా?”

కూతురు నవ్వబోయి మానుకుంది. తల్లి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పొగకి కాదు.

పడవవాడి కథ తెలియని మనిషి ఈ చుట్టుపక్కల లేడు. వెనకటి పెద్ద వరదలో, దొరగారి కుటుంబం ఊళ్లో లేని రోజున, ఏరు గట్టు దాటి బంగళాలోకి వచ్చేసింది. ఈ వీధి పడవవాడొకడు ప్రాణాలకి తెగించి, ఆ సుడుల్లో ఒంటరిగా పడవ వేసుకుని వెళ్లాడు. కింది హాల్లోని దొరగారి తల్లి పటాన్నీ, నిలువెత్తు గడియారాన్నీ మేడ మీదికి చేర్చి కాపాడాడు. తిరిగి వచ్చిన దొర మనసు కరిగి, ఈ నేల ఇచ్చి ఉండమన్నాడు.

తర్వాత దొరలు పోయారు. బంగళా కొన్నాళ్లు ధాన్యం గిడ్డంగి, కొన్నాళ్లు బడి, ఆ తర్వాత చాలాకాలం గబ్బిలాల కాపురం. ప్రహరీ ఒకవైపు కూలినప్పుడు ఆ ఇటుకలు ఎటు పోయాయో ఎవరూ అడగలేదు. కంగారమ్మ పొయ్యిగట్టులో ఉన్నవి అవే. పక్కింటి స్నానాలగదిలో ఉన్నవీ అవే. బంగళా తోటలో మొక్కలకి నీళ్లు మోసినవాళ్లు, రేవు మెట్ల మీద దొరల బట్టలు ఉతికినవాళ్లు, పడవల్లో వాళ్ల కలప తెచ్చినవాళ్లు, అందరూ ఈ వీధివాళ్లే. ఇప్పుడు కమిటీ వచ్చి బంగళాకి రంగు వేసి, ఆ రంగు మీద వీధి నీడ పడకూడదంటోంది.

కంగారమ్మ గిన్నె అక్కడే వదిలేసి కొట్టంలోకి వెళ్లింది.

“మీరైనా దానికి చెప్పండి. పడవ నడిపింది మీ తాతే కదా?”

“మా తాతే.” మేస్త్రీ తల ఎత్తకుండా దూలం మీది పాత తెడ్డు వైపు చెయ్యి చూపించాడు. “అదిగో.”

“తెడ్డు పక్కింట్లోనూ ఉంది. పడవల వీధిలో తెడ్డు లేని ఇల్లెక్కడ? మీ నాన్న మీకు స్వయంగా చెప్పాడా లేదా?”

“చెప్పాడు.”

“ఎప్పుడు?”

మేస్త్రీ దూది పోగుని సందులో అటూ ఇటూ సర్దాడు. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్లీ సర్దాడు.

“మీ నాన్న నన్ను చూడటానికి వచ్చిన రోజున.”

“అంతకు ముందు?”

సుత్తి దెబ్బ పలక మీద కాకుండా ఆయన బొటనవేలి మీద పడింది. ఆయన అబ్బా అనలేదు. వేలు నోట్లో పెట్టుకుని ఏటి వైపు తిరిగాడు.

కంగారమ్మ తండ్రి ఆనాడు ఇంటికి వచ్చి, ‘పిల్లాడికి ఆస్తి లేకపోయినా, ఏటికి ఎదురెళ్లిన రక్తం’ అని చెప్పి ఈ సంబంధం ఖాయం చేశాడు. ఆ రక్తాన్ని నమ్ముకునే ఆమె ఇన్నేళ్లు వరద వచ్చిన ప్రతిసారీ ఈ ఇంట్లో కళ్లు మూసుకుని పడుకుంది.

“ఏమండీ, మీకు ఈత వచ్చా?”

“ఇప్పుడెందుకది?”

“వచ్చా రాదా?”

“పడవలు బాగుచేసేవాడికి ఈతెందుకు? నా పడవ మునగదు.”

ఇంతలోనే వీధి వాకిట్లో పక్కింటి వదిన గొంతు వినిపించింది. చక్కెర కోసం వచ్చినట్టుగా చేతిలో గ్లాసు ఉంది. అది చక్కెర గ్లాసు కాదని ఇద్దరికీ తెలుసు.

“ఏంటి వదినా, గోడకి రంగేశావు? ఇల్లు ఉంచుతారని అప్పుడే ముస్తాబు మొదలెట్టావా?”

“కడిగాను. కడిగితే కారింది.”

“కడిగినకొద్దీ కారేవి కొన్ని ఉంటాయిలే.” వదిన గుమ్మంలోనే గట్టుమీద కూర్చుంది. “కార్యదర్శి గారు మీ ఇంటికొస్తున్నారట. వీధిలో ఇన్నిళ్లుండగా మీ ఇంటికే. మీ అమ్మాయికి అక్కడ ఉద్యోగం ఉండబట్టి కాదంటావా?”

“మా అత్తయ్య ఉండబట్టి. ఆవిడని మోసుకుని మీ ఇంటికి తీసుకురమ్మంటావా?”

“తీసుకురా. నిజం చెప్తే మా ఇంట్లో చెప్పినా అదే, మీ ఇంట్లో చెప్పినా అదే. పడవ మా మామగారి తాతది.”

“మీ మామగారి తాత నీళ్లంటే ఆమడ దూరం పారిపోయేవాడని వీధిలో చెప్పుకుంటారు!”

“ఎవరు చెప్పారు? మీ ఆయనా? ఆయన బొటనవేలు నోట్లోంచి తీయమను ముందు.”

కూతురు గుమ్మం దగ్గరికి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. “అత్తా, ఒక్క మాట అడుగుతాను. మీ ఇంట్లో ఈ కథ మొదట ఎవరు, ఎప్పుడు చెప్పారు?”

“మొదట ఏమిటే, మాదే ఆ కథ. మీకు అరువిచ్చాం.”

“అరువా?”

“అరువే మరి. మీ మేనత్త సంబంధం చూడటానికి వస్తున్నారంటే మీ తాత మా ఇంటికొచ్చాడు. రెండు కుర్చీలు, ఒక పెద్ద గిన్నె, ఆ కథా ఇవ్వమని అడిగాడు. ఈ వీధిలో అది మామూలే కదా. ఎవరింటికి చుట్టాలొస్తే వాళ్లింటి కథ అది. ఆ పూటకి మిగతావాళ్లం నోరు మూసుకుని కూర్చునేవాళ్లం. మీవాళ్లు కుర్చీలు తిరిగిచ్చారు. గిన్నె సొట్ట పెట్టి తిరిగిచ్చారు. కథ మాత్రం ఇంతవరకూ ఇవ్వలేదు.”

కొట్టంలో సుత్తి చప్పుడు లేదు.

“అంటే మీ ఇంటికి ఎక్కణ్నుంచి వచ్చింది?” కూతురు వదల్లేదు.

వదిన గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “మాకెక్కణ్నుంచో ఎందుకొస్తుంది? మా అత్తగారి పెళ్లప్పుడు కూడా మా ఇంట్లో చెప్పారు.”

“పెళ్లప్పుడు” అంది కూతురు మెల్లగా.

“ఏం, పెళ్లిలో చెప్తే అబద్ధమవుతుందా? అట్లా అయితే ఈ వీధిలో పుట్టిన ఏ ఒక్కరూ నిజం కాదు.” వదిన లేచింది. చక్కెర అడగడం మరిచిపోయింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఈసారి గొంతు మారింది. “వదినా, ఒక్కటే అడుగుతున్నా. మీ ఇల్లు ఉంచితే, నన్ను ఆ మెరక మీదికి పంపించి, సాయంత్రాలు ఎవరితో పోట్లాడతావు?”

ఆ సంగతి కంగారమ్మ అసలు ఆలోచించలేదు. ఎన్నో ఆలోచించింది. వంతెన కూలుతుందేమోనని, మెరక మీద పాములుంటాయేమోనని, కట్టించే గదుల్లో సిమెంటు తక్కువ వేస్తారేమోనని, కూతురి ఉద్యోగం పోతుందేమోనని, భర్త పనిలేక మంచం పడతాడేమోనని, అన్నీ వరసగా ఆలోచించుకుంది. ఒక్క ఇల్లు మిగిలి చుట్టూ బస్సులు తిరుగుతుంటే అందులో తాను ఒంటరిగా ఎలా ఉంటుందన్నది మాత్రం ఆ వరసలో లేదు. ఇప్పుడు అది కూడా వచ్చి చేరింది.

అయినా ఇల్లు ఇల్లే. ఏరు దాటాక తెప్ప సంగతి చూసుకోవచ్చు. ముందు దాటాలి.

అత్తగారు వాకిట్లో తన పీట మీద కూర్చుని పడవ సందులకి దూది పేనుతోంది. చూపు తగ్గినా వేళ్లు తగ్గలేదు. తొడ మీద ఒక్క తోపు తోస్తే పోగు పాములా సాగుతుంది. వీధిలో ఏ పడవకైనా కావలసిన దూది ఆవిడే పేనాలి. ఆవిడ పుట్టిల్లు వీధి చివరి మూలిల్లు, మెట్టినిల్లు ఇది. అందుకే ఆవిడ నోరు విప్పదని, పడవ ఈ ఇంటిదంటే పుట్టింటికి కోపం, ఆ ఇంటిదంటే కన్నకొడుక్కి ద్రోహమని వీధి తీర్మానించుకుంది. వరద సంగతి ఎవరడిగినా ఇన్నేళ్లుగా ఆవిడది ఒకటే మాట. ‘నీళ్లు చాలా వచ్చాయి.’ అంతే. అక్కడితో ఏరూ ఆగిపోతుంది, ఆవిడా ఆగిపోతుంది.

కంగారమ్మ దువ్వెన తెచ్చి అత్తగారి వెనక కూర్చుంది. తెల్లటి ఆ నాలుగు వెంట్రుకలని చిక్కులున్నట్టుగా జాగ్రత్తగా దువ్వింది.

“అత్తయ్యా, పెద్దమనుషులొస్తున్నారు. మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. పడవ ఎవరిది అని. మీ మామగారిది అని చెప్పండి. అంతకంటే ఒక్క ముక్క అక్కర్లేదు.”

పోగు సాగింది.

“అబద్ధం చెప్తున్నట్టు అనిపిస్తే తల ఊపండి చాలు. నోటితో అనక్కర్లేదు. తల ఊపితే పాపం రాదు.”

మరో పోగు.

“నేనేం మేడలు అడుగుతున్నానా? ఆయనకి ఈ కొట్టం తప్ప మరో లోకం తెలియదు. ఏరు కనపడకపోతే ఆయనకి అన్నం దిగదు. మీ కొడుకు అత్తయ్యా. పక్కింటివాళ్ల కొడుకు కాదు.” దువ్వెన ఆగిపోయింది. “ఇన్నేళ్లలో నేను మిమ్మల్ని ఏదైనా అడిగానా? అడిగినా మీరెప్పుడైనా జవాబు చెప్పారా? గోడతో మాట్లాడితే కనీసం సున్నమైనా రాలుతుంది!”

అత్తగారు చెయ్యి వెనక్కి చాచి, కోడలి మోకాలిని ఒకసారి తట్టింది. అది సరేననా, ఊరుకోమనా, దువ్వడం అయిపోయింది లేవమనా, ఏదీ తేలలేదు. కంగారమ్మ దువ్వెన విసిరికొట్టి లోపలికి వెళ్లిపోయింది. వెంటనే వచ్చి ఆ దువ్వెన తీసుకుంది. అది విరిగితే కొత్తది కొనాలి.

మధ్యాహ్నం భోజనాలు అయ్యీ కాకముందే కార్యదర్శి వచ్చాడు. సన్నటి మనిషి, చలువ కళ్లద్దాలు. ఆయన వెనకాలే, పిలవకుండానే, వీధి వచ్చింది. మూలింటి తాతయ్య కర్ర ఊతంతో వచ్చి ముందు వరుసలో నిలబడ్డాడు. పక్కింటి వదిన అదే గ్లాసుతో వచ్చింది. మేస్త్రీ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కొట్టం గుమ్మంలోనే ఆగిపోయాడు.

కంగారమ్మ ఉన్న ఒక్క మంచి కుర్చీ కార్యదర్శికి వేసింది. ఆయన కూర్చోబోతే అది ఒక పక్కకి ఒరిగింది. అయ్యో, ఇది కూడా ఇవాళే, అనుకుంది.

“చూడండమ్మా” అన్నాడు ఆయన అందరితోనూ. “నాకు ఎవరి మీదా పక్షపాతం లేదు. మీరందరూ పడవ మాదేనన్నారు. రికార్డు చేసుకున్నాం. కానీ పడవ ఒకటే, ఇల్లూ ఒకటే. కాగితాల్లో ఇల్లు తేలకపోతే ఏ ఇల్లూ ఉంచరు, మొత్తం వరుస పోతుంది. అది నా చేతిలో లేదు.”

“మొత్తమా?” అన్నారు ఎవరో.

“నిన్న ఒక ఇల్లన్నారు కదండీ!” అంది కంగారమ్మ.

“తేలితే ఒకటి అన్నాం.”

ఇదీ ఆమె భయపడిన చోటు. కాదు, ఆమె భయపడినదానికి ఇంకో మెట్టు కింద. ఎంత చెడ్డది ఊహించుకున్నా, దానికంటే చెడ్డది ఒకటి వెనక నిలబడి ఉంటుందని ఆమెకి ఎప్పుడూ తెలుసు. ఎవరూ నమ్మరు.

కూతురు నాయనమ్మ ముందు కింద కూర్చుంది. మాటలు రికార్డయ్యేలా ఫోను పీట పక్కన పెట్టింది.

“నాయనమ్మా, వరద వచ్చినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. చిన్నదానివే అయినా చూశావు. బంగళాకి పడవ వేసుకుని వెళ్లింది ఎవరు?”

అత్తగారు పేనడం ఆపలేదు.

“గట్టిగా అడగవే, వినపడలేదేమో” అన్నాడు మూలింటి తాతయ్య. “అక్కా! మన నాన్న కదూ?”

“మీరు నేర్పించకండి” అంది వదిన. “ఆవిడని చెప్పనివ్వండి.”

“నేర్పించిందెవరు? పొద్దున దువ్వెన పట్టుకుని కూర్చుంది ఎవరు? వీధంతా చూసింది.”

“మా అత్తయ్యకి నేను తల దువ్వడం కూడా తప్పేనా?”

“దువ్వడం తప్పు కాదు, చెవిలో ఊదడం తప్పు.”

మాట మీద మాట పెరిగింది. సొట్ట గిన్నె బయటికి వచ్చింది. ఎప్పుడో మురుక్కాలవ తగాదా బయటికి వచ్చింది. ఎవరి పెళ్లికి ఎవరి కథ ఎవరు వాడుకున్నారో, ఎవరు మెరుపులు కలిపారో, ఎవరు గడియారం ఎత్తు పెంచారో, అన్నీ బయటికి వచ్చాయి. అందరూ ఒకేసారి మాట్లాడటంతో కార్యదర్శి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇక లాభం లేదన్నట్టు ఒరిగిన కుర్చీలోంచి లేచాడు.

ఆయన లేవడంతో అందరూ ఆగిపోయారు.

ఏటి మీంచి గాలి వచ్చింది. కొట్టంలో వేలాడేసిన తాళ్లు ఒకదానికొకటి రాసుకున్నాయి. కంగారమ్మ అత్తగారి మొహంలోకి చూసింది. ఆ పెదాలు కదులుతాయని చూసింది. పొద్దుటి నుంచి మాట్లాడిన మాటలన్నీ అయిపోయి, ఆమె దగ్గర కూడా ఇప్పుడు ఒక్క మాట మిగల్లేదు. భయపడటానికి కూడా కొత్తగా ఏమీ తోచలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందంటే, వదిన చేతిలోని గ్లాసు తనంతట తానే గట్టు మీదికి దిగింది. మూలింటి తాతయ్య కర్ర మీద బరువు మార్చుకున్నాడు. కార్యదర్శి గుమ్మం దాకా వెళ్లి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

అప్పుడు అత్తగారి వేళ్లు ఆగాయి.

“పడవ ఎక్కడిది?”

కార్యదర్శి వెనక్కి తిరిగాడు.

“పడవలన్నీ మగాళ్లతో ఎగువకి పోయాయి, కలప తేవడానికి. వరదప్పుడు ఈ వీధిలో మగపురుగు లేదు. ఆడవాళ్లు, పిల్లలం. ఎత్తుగా ఉన్నది బంగళా ఒక్కటే. మా అమ్మా, ఈ ఇంటి ముసలమ్మా, ఆ పక్కింటావిడా అందరూ కలిసి గడ్డపారతో వెనక తలుపు పగలగొట్టారు. మేడెక్కాం. నీళ్లు తీసేదాకా దొరగారి మంచాల మీద పడుకున్నాం.”

“మరి గడియారం?” అంది కూతురు. గొంతు గుసగుసగా ఉంది.

“మెట్లకి అడ్డం పెట్టాం, పిల్లలు దొర్లిపడకుండా.”

“పటం?”

“గుడ్డ మీద వేసిన బొమ్మ కదా, దాంట్లో చంటిపిల్లల్ని పడుకోబెట్టాం. ఉయ్యాల్లా సాగేది.”

పక్కింటి వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వేళ్ల సందుల్లోంచి నవ్వో ఏడుపో బయటికి వచ్చింది.

కంగారమ్మకి నవ్వు రాలేదు. దొంగతనంగా తలుపు పగలగొట్టారు. దొర తల్లి పటాన్ని పక్కబట్ట చేశారు. నేల ఇచ్చింది లేని పడవవాడికి. అదంతా ఫోనులోకి ఎక్కింది. ఆమె కార్యదర్శి చేతుల వైపు చూసింది. ఆ చేతులు ఏమీ రాయడం లేదు.

“అయితే ఈ పడవ కథ పుట్టించింది ఎవరు?” అన్నాడు ఆయన. “దొర ఈ నేల ఎవరికి ఇచ్చినట్టు?”

అత్తగారు ఒళ్లోని పోగులన్నీ ఒక్కటిగా కూడదీసి, పీట పక్కన పెట్టింది. చూపు సరిగ్గా ఆనని కళ్లతోనే ఆయన నిలబడ్డ వైపు చూసింది.

“దొర వచ్చాడు. మేడ నిండా బురద అడుగులు. లోపలికి ఎవరొచ్చారని గద్దించాడు. మా అమ్మ భయపడి, మా ఆయన పడవేసుకొచ్చి మీ సామాను మేడెక్కించాడండీ అంది. పక్కనున్నావిడ, కాదండీ మా ఆయన అంది. ఇంకొకావిడ, మా ఆయనే అంది. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా అడిగాడు నాయనా. ఎవరి మొగుడో ఎంతకీ తేలక, విసిగిపోయి, నేల వీధి మొత్తానికీ ఇచ్చేశాడు. నువ్వు ఆయనకంటే గట్టివాడివా?”